ప్రార్థనయు పనియు

ప్రార్థన పెదవుల పని కాదు, హృదయపు పని. మాటలు విస్తరించిన మాత్రమున దేవుడు ఆలకింపడని ప్రభువు బోధించినట్లు మత్తయి సువార్త 6వ అధ్యాయమున చదువుచున్నాము.

దీనికి మన తెలుగుదేశమందే దృష్టాంతము కలదు. 1854 జనవరి 1వ తేదీని తెల్లవారుజామున జ్యూయెట్ దొరగారును, దొరసానిగారును, కొందఱు తెలుగు విశ్వాసులును ఒంగోలు కొండపై మోకరించి, ఆ యూరికొక మిషనరీని పంపుమని దేవుని వేడుకొనిరి. 1866లో గాని క్లౌ దొరగారు అచ్చటికి వచ్చి నివసింపలేదు. పండ్రెండేండ్లు గడచినను ఆ మనవి వ్యర్థము కాలేదు.

తరువాత 1876-78 కరవునందు క్లౌ దొరగారు ప్రార్థించి యూరకుండలేదు. బకింగుహాము కాలువ త్రవ్వకమును గుత్తకు పుచ్చుకొని, ఆకలిగొన్నవారికి కూలిపని కల్పించిరి. ఓపికతో కనిపెట్టుటయు, లేచి పనిచేయుటయు నిజమైన ప్రార్థనకు రెండు గుఱుతులని మేము తలంచుచున్నాము.

ప్రియ విద్యార్థులారా, పరీక్షల ముందు మాత్రమే జ్ఞప్తికి వచ్చు ప్రార్థన నిలువదు. ప్రతి రాత్రియు కొన్ని నిమిషములు ఏకాంతమున నుందము. మన తప్పులను దాచక యొప్పుకొందము. కష్టములోనున్న యొకరి పేరు చెప్పి ప్రార్థింతము. తెల్లవారిన పిదప వారికి మన చేతనైన మేలొకటి చేయుదము. తలిదండ్రులును ఇంట పిల్లలతో కూడ మోకరించినయెడల ఈ యలవాటు బడితో ముగిసిపోదు.