దెయ్యాల కథలు చదివిన మా దొడ్డమ్మ

దెయ్యం నవల చదివిన రాత్రి మంచినీళ్లకి లేవడానికి భయపడ్డారా ఎప్పుడైనా? నేనైతే డిగ్రీ చదివిన మూడేళ్లూ భయపడ్డాను. భయపడుతూనే మర్నాడు ఇంకో నవల తెచ్చుకున్నాను.

1990ల మొదట్లో మాట ఇది. నా కాలేజీ నారాయణగూడలో. ఉండేది అశోక్‌నగర్‌లో, దొడ్డమ్మగారింట్లో. దారిలో చిక్కడపల్లిలో అద్దె నవలల షాపు. రోజుకి అర్ధరూపాయి. "యండమూరిది ఏదైనా, లేకపోతే భయపెట్టేది ఏదైనా తే" అని దొడ్డమ్మ చిల్లర చేతిలో పెట్టేది. పెదనాన్నగారి కంట పడకుండా పాత క్యాలెండరు కాగితంతో అట్టవేసి, మధ్యాహ్నం పనులయ్యాక చాపమీద వాలి చదివేది. ఆమె అయ్యాక నా వంతు. సాయంత్రం ట్యూషన్ ముగించుకుని నారాయణగూడ క్రైస్తవ శ్మశానవాటిక గోడ పక్కనుంచి వచ్చేటప్పుడు మాత్రం, ఈ నవలలు ఎందుకు చదివానా అనిపించేది!

'తులసిదళం' నేను చదివేనాటికే పాత నవల. యండమూరి వీరేంద్రనాథ్ గారిది, 1980ల మొదట్లో ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆస్తికోసం తులసి అనే చిన్నపాప మీద చేతబడి చేయించడం అందులో కథ. ఒకపక్క మంత్రగాళ్లు, ఇంకోపక్క డాక్టర్లు. 1985లో కన్నడంలో సినిమాగా తీశారు. తర్వాతి నవల 'తులసి' నుంచి తెలుగులో 1986లో 'కాష్మోరా' వచ్చింది. 'తులసిదళం' మూఢనమ్మకాలు పెంచుతోందని రంగనాయకమ్మగారు గట్టిగా విమర్శించారు. చదువుకునే రోజుల్లో ఆ విమర్శ నాకు నచ్చలేదు. కథని కథలా చదువుకోలేమా అనుకున్నాను. ఆ యేడే మా ఇంట్లో నాకు పరీక్ష ఎదురైంది.

గాలి సోకిందన్నారు

దొడ్డమ్మ కూతురు, మా అక్క, పురిటికి వచ్చింది. మగపిల్లాడు. బారసాల బాగానే జరిగింది. ఆ తర్వాత వారానికి అక్క పిల్లాణ్ణి ఎత్తుకోవడం మానేసింది. రాత్రంతా గోడకేసి చూస్తూ కూర్చునేది. ఎవరో పిలుస్తున్నారనేది. అన్నం కెలికి వదిలేసేది. చూడ్డానికొచ్చిన అత్తగారు "ఇది గాలి సోకడమే" అని తేల్చారు. తాయెత్తు కట్టించారు. నాలుగోనాడు ఊర్నించి ఒకాయన్ని పిలిపించారు.

సాంబ్రాణి పొగ, నిమ్మకాయలు, వేపమండలు. అక్క జుట్టు విరబోసి కూర్చోబెట్టి, "ఎవరు నువ్వు? పేరు చెప్పు" అంటూ మండలతో కొట్టడం మొదలుపెట్టాడు. అక్క ఏడవలేదు కూడా.

ఆ సమయంలో నేనేం చేశానో దాచకుండా చెప్పాలి. గుమ్మం దగ్గర నిలబడి, "పేరు చెప్పేస్తే వదిలిపోతుంది కదా" అనుకున్నాను. నాకు అనుమానమే రాలేదు. అదంతా నేను చదివిందే మరి!

వంటింట్లోంచి దొడ్డమ్మ వచ్చి ఆ మండలు లాక్కుంది. "ఇలాంటివి వంద చదివాను నాయనా. నా పిల్ల నిద్రపోయి పదిరోజులైంది. ముందు దాని సంగతి చూడాలి. నువ్వు లే" అంది. అత్తగారికి కోపమొచ్చింది. "రేపు ఏదన్నా అయితే ఎవరిది పూచీ?" అన్నారు. "నాదే వదినగారూ" అంది దొడ్డమ్మ.

మర్నాడు పొద్దున్నే ఆటోలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసికెళ్లింది. కాన్పు తర్వాత కొందరికి ఇలా దిగులు జబ్బు వస్తుందని, నయమవుతుందని ఆయన చెప్పారు. మందులు వాడారు. రాత్రిళ్లు పిల్లాణ్ణి దొడ్డమ్మే చూసుకుంది. నాలుగు నెలలకి అక్క మామూలు మనిషైంది. ఆ పిల్లాడికి ఇప్పుడు ముప్ఫై దాటాయి.

నమ్మనిదానివి అన్ని దెయ్యాల నవలలు ఎందుకు చదువుతావని తర్వాతెప్పుడో అడిగాను. "నవల్లో దెయ్యం పట్టిందంటే ఇల్లంతా కదులుతుంది. ఊరికే దిగులుగా ఉందంటే ఎవరు కదుల్తారే?" అంది.

ఆ భయం వెనక ఎవరు?

ఆ మాట నన్ను వదల్లేదు. 'స్వాతి'లో మాలతీ చందూర్ గారి 'పాత కెరటాలు' చదివి ఇంగ్లీషు నవలల మీద ఇష్టం పెంచుకున్నదాన్ని. ఉద్యోగంలో చేరాక వాళ్ల దెయ్యాల కథలూ వెతుక్కుని చదివాను. ఆ కథల్ని అక్కడ గోథిక్ సాహిత్యం అంటారు. పాతకాలపు కోటలు, చీకటి మెట్లు, తాళం వేసిన గదులు ఉంటాయి గనక ఆ పేరు. 1764లో హొరేస్ వాల్‌పోల్ రాసిన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో'తో మొదలైందంటారు. అందులో పెళ్లిరోజే కొడుకు చనిపోతే, కోడలు కావలసిన అమ్మాయిని తానే చేసుకుంటానంటాడు తండ్రి. ఆ అమ్మాయి నేలమాళిగలోంచి పారిపోతుంది. 1794లో ఆన్ రాడ్‌క్లిఫ్ అనే రచయిత్రి రాసిన నవల్లో, మేనత్త మొగుడు ఆస్తికోసం తల్లిదండ్రులు లేని పిల్లని కోటలో బంధిస్తాడు. దెయ్యాలనుకున్నవన్నీ చివరికి దెయ్యాలు కావని తేలుతుంది. ఆస్తికోసం ఆశపడ్డ మనిషి మాత్రం నిజం. మన తులసి కథలోనూ చేతబడి వెనక ఉన్నది ఆస్తే కదా!

'ఫ్రాంకెన్‌స్టైన్' రాయడం మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి పద్దెనిమిదేళ్లు. ఆమెని కన్న కొద్దిరోజులకే తల్లి పోయింది. తన తొలిబిడ్డ కూడా పుట్టిన కొద్దిరోజులకే పోయింది. ప్రాణం పోయడం గురించిన ఆ భయం ఎక్కడినుంచి వచ్చిందో ఆడవాళ్లకి విడమరిచి చెప్పక్కర్లేదు.

నన్ను బాగా కదిలించింది అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1892లో ప్రచురించిన 'ది యెల్లో వాల్‌పేపర్' కథ. బిడ్డ పుట్టాక దిగులుపడ్డ ఒకామెని, డాక్టరైన భర్తే విశ్రాంతి పేరుతో మేడమీద గదిలో ఉంచుతాడు. రాసుకోవడం కూడా వద్దంటాడు. గోడకాగితం వెనక ఒక స్త్రీ పాకుతున్నట్టు ఆమెకి కనిపిస్తుంది. గిల్మన్‌కి కూడా కాన్పు తర్వాత అలాంటి వైద్యమే చేశారు. అది చదువుతుంటే గోడకేసి చూస్తూ కూర్చున్న అక్కే కళ్లముందు కదిలింది.

మనకీ ఈ కథలు కొత్త కావు. శాతవాహనుల కాలంలో గుణాఢ్యుడు 'బృహత్కథ'ని పైశాచీ భాషలో, తన రక్తంతో రాశాడని చెప్పుకుంటాం. 1947లో మొదలైన 'చందమామ'లో బేతాళుణ్ణి భుజానేసుకున్న విక్రమార్కుడి బొమ్మ చూస్తూ పెరిగాం. కానీ అమ్మమ్మలు చెప్పిన కథలు గుర్తుచేసుకోండి. చింతచెట్టు మీద దెయ్యం ఎవరు? పురిట్లో పోయిన ఆమె. బావిలో పడ్డ కోడలు. ఆమె ఎందుకు పడిందని ఆ కథ చెప్పేటప్పుడు ఎవరైనా అడిగారా?

కథని పుస్తకంలోనే ఉంచుదాం

రంగనాయకమ్మగారి విమర్శ ఇప్పుడు నాకు అర్థమవుతుంది. చేతబడి, బాణామతి చేస్తారన్న అనుమానంతో మన పల్లెల్లో మనుషుల్ని కొట్టి చంపిన సంఘటనలున్నాయి. ఒంటరి ఆడవాళ్లూ బలయ్యారు. నేనూ గుమ్మం దగ్గర నిలబడి చూసినదాన్నే. అలాగని ఈ పుస్తకాల్ని తగలబెట్టాలని మాత్రం అనను. వాటిని అందరికంటే ఇష్టంగా చదివిన దొడ్డమ్మే అందరికంటే ముందు వేపమండలు లాక్కుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కప్రకారం, కాన్పయిన స్త్రీలలో ప్రపంచమంతటా దాదాపు 13 శాతానికి మానసిక సమస్య, ముఖ్యంగా దిగులు జబ్బు వస్తుంది. మనలాంటి వర్ధమాన దేశాల్లో అది 20 శాతానికి దగ్గర. ఇంట్లో బాలింత నిద్రపోకపోయినా, బిడ్డని పట్టించుకోకపోయినా, ఎవరో పిలుస్తున్నారన్నా, తనకో బిడ్డకో ఏదైనా అయిపోతుందన్నా ఒంటరిగా వదలకండి. వెంటనే డాక్టరు దగ్గరికి తీసికెళ్లండి. 2022 నుంచి ప్రభుత్వ టెలిమానస్ సేవ 14416 నంబరులో ఉంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఈమధ్య చిక్కడపల్లి వెళ్లాను. నగర కేంద్ర గ్రంథాలయం నిండా పోటీ పరీక్షల పిల్లలే. అద్దె నవలల షాపు లేదు. దొడ్డమ్మా లేదు. అక్క మాత్రం ఇప్పటికీ రాత్రి దెయ్యాల సినిమా వస్తే లైటు తీసేసి మరీ చూస్తుంది. నేను దుప్పటి కప్పుకుని, ఆ దెయ్యం బతికున్నప్పుడు ఎవరో, ఆమెకి ఏం జరిగిందో అని ఆలోచిస్తూ కూర్చుంటాను. మీరూ ఈసారి అడిగి చూడండి.