ముల్లు గుచ్చుకుని నెలలైంది.. నొప్పి లేదు, వాపు మాత్రం తగ్గట్లేదా? మదురా ఫుట్ కావొచ్చు!

పొలంలో ముల్లు గుచ్చుకుంటే మనకదో పెద్ద విషయం కాదు. పిన్నీసుతో తీసేస్తాం, కాస్త పసుపు అద్దుతాం, మర్నాడు మళ్లీ పనిలోకి. చాలాసార్లు అంతటితో అయిపోతుంది కూడా. కానీ కొందరికి కొన్ని నెలల తర్వాత అక్కడే చిన్న గడ్డ లేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు. అసలు సమస్యే అది. నొప్పి లేకపోతే ఆస్పత్రికి ఎవరు వెళ్తారు చెప్పండి?

దీన్ని మైసెటోమా అంటారు. 1840ల్లో మదురైలో వైద్యులు దీన్ని గుర్తించారు. మదురా ఫుట్ అనే పేరు అలా వచ్చిందే. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని నిర్లక్ష్యానికి గురవుతున్న వ్యాధుల జాబితాలో చేర్చింది. మట్టిలో, ముళ్ల మీద ఉండే ఫంగస్ గాయంలోంచి లోపలికి వెళ్లి నెమ్మదిగా పెరుగుతుంది. వదిలేస్తే ఎముకనూ తినేస్తుంది. ముదిరితే పాదం తీసేయాల్సి రావొచ్చు.

ఎలా గుర్తుపట్టాలి?

గట్టి వాపు. దాని మీద చిన్న చిన్న రంధ్రాలు. వాటిలోంచి చీముతో పాటు ఇసుక రేణువుల్లాంటి పలుకులు. ఆ పలుకుల రంగు డాక్టర్‌కు చాలా ముఖ్యం. నల్లగా ఉంటే ఫంగస్ అని అనుమానిస్తారు. ఎర్రగా, పసుపుగా ఉంటే సాధారణంగా బ్యాక్టీరియా. తెల్లగా ఉంటే ఏదైనా కావొచ్చు. అవును, అచ్చం ఇలాగే కనిపించే బ్యాక్టీరియా రకం కూడా ఉంది. అందుకే ముక్క తీసి పరీక్ష చేస్తారు. ఎముక దాకా వెళ్లిందేమో ఎక్స్‌రే, ఎంఆర్ఐలో చూస్తారు.

బ్యాక్టీరియా రకమైతే యాంటీబయాటిక్స్‌తో చాలామందికి తగ్గిపోతుంది. ఫంగస్‌కు అవి పనిచేయవు. ఇట్రాకొనజోల్ లాంటి మందులు నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా వాడాలి. మధ్యమధ్యలో లివర్ టెస్టులు. మందుతో గడ్డ కాస్త కుదురుకున్నాక ఆపరేషన్ చేసి తీసేస్తారు, ఆ తర్వాత కూడా మందు ఆపరు. కాబట్టి మెడికల్ షాపులో అడిగి ఏదో ఒక మాత్ర వేసుకుంటే నెలలు గడిచిపోవడం తప్ప ఒరిగేదేం లేదు.

'టీటీ ఇంజెక్షన్ చేయించుకున్నాం కదా' అంటారా? అది ధనుర్వాతానికి మాత్రమే.

బురదలో చెప్పులేసుకుని నాట్లు వేయలేం, నిజమే. కానీ గట్ల మీద, తుమ్మచెట్ల కింద నడిచేటప్పుడైనా వేసుకోండి. ముల్లు దిగితే మొత్తం తీసేసి సబ్బుతో కడగండి. ఇంకోమాట.. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. ఇంట్లో ఎవరికైనా వస్తే వాళ్లను దూరం పెట్టాల్సిన పనిలేదు.