పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్

బెంగుళూరుకు సుమారు యాభై కిలోమీటర్ల దూరంలో రామనగరం ఉంది. ఊరిచుట్టూ పెద్ద పెద్ద బండరాళ్ళ కొండలు. ‘షోలే’ చిత్రాన్ని ఇక్కడే తీశారని చాలామందికి తెలుసు. కాని 1983-84లో ఈ ప్రాంతానికి, దగ్గరలోని సావనదుర్గానికి ఇంకొక చిత్రబృందం వచ్చిన సంగతి తెలిసినవారు తక్కువ. ఇ.ఎం. ఫార్‌స్టర్ 1924లో ప్రచురించిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవలను డేవిడ్ లీన్ తెరకెక్కించిన చిత్రమది. అందులో మిసెస్ మూర్ అనే వృద్ధురాలి పాత్రను ధరించిన నటి పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్.

ఆమె 1907 డిసెంబరు 22న లండను సమీపంలోని క్రాయ్‌డన్‌లో జన్మించింది. తండ్రి మొదటి ప్రపంచయుద్ధంలో మరణించాడు. తల్లికి నాటకాలంటే ప్రాణం. పెగ్గీ లండనులోని ఒక నాటక శిక్షణాలయంలో చేరింది. అక్కడ మాట స్పష్టంగా పలకడానికి ఎక్కువ ప్రాధాన్యమిచ్చేవారు. 1926లో బర్మింగ్‌హామ్‌లో ఆమె మొదటిసారిగా రంగస్థలం ఎక్కింది.

1930లో లండనులోని సవాయ్ థియేటరులో షేక్‌స్పియర్ ‘ఒథెల్లో’ను ప్రదర్శించారు. ఒథెల్లోగా పాల్ రోబ్సన్ అనే నల్లజాతి అమెరికన్ నటుడు, అతని భార్య డెస్డిమోనాగా పెగ్గీ నటించారు. తెల్లజాతి యువతి ఒక నల్లజాతివానికి భార్యగా నటించడమా అని కొందరు ఆమెను దూషిస్తూ ఉత్తరాలు రాశారు. నాటకశాల పక్కనే అదే పేరుగల హోటలుంది. రంగస్థలంపై చప్పట్లు అందుకునే రోబ్సన్‌కు ఆ హోటలులో ప్రవేశం లేదు! జాతి వివక్ష ఎంత క్రూరమైనదో ఇరవై రెండేళ్ళ పెగ్గీకి అప్పుడు తెలిసివచ్చింది.

1935లో ఆమె జూలియట్‌గా నటించింది. ఆ నాటకంలో జాన్ గిల్‌గుడ్, లారెన్స్ ఒలీవియర్ రోమియో, మెర్కూషియో పాత్రలను మార్చి మార్చి ధరించారు. కాని ఆమె శక్తికి అసలైన పరీక్ష 1963లో ఎదురైంది. షేక్‌స్పియర్ చారిత్రక నాటకాలను కుదించి కూర్చిన ‘ది వార్స్ ఆఫ్ ది రోజెస్’లో ఆమె మార్గరెట్ రాణి. పెళ్ళికూతురుగా రంగం మీదికి వచ్చిన మార్గరెట్, చివరకు భర్తనూ కొడుకునూ పోగొట్టుకొని, శాపనార్థాలు పెట్టే ముసలిదిగా మిగులుతుంది. అప్పటికి పెగ్గీ వయస్సు యాభై అయిదు. ఆ వయస్సులో కన్నెపిల్లగా కనిపించి ప్రేక్షకులను నమ్మించడం సామాన్యమైన పని కాదు.

రంగస్థలం మీద ఇంత పేరున్నా ఆమె నటించిన సినిమాలు కొద్దే. మిసెస్ మూర్ పాత్రకు పిలుపు వచ్చినప్పుడు తనకు డెబ్బై అయిదేళ్ళని ఆమె వెనుకాడిందట. తన వయస్సూ అంతేనని లీన్ బదులిచ్చాడట!

చిత్రంలో మిసెస్ మూర్ ఒక రాత్రి మసీదులో అడుగుపెడుతుంది. ఇంగ్లీషు స్త్రీ గనుక చెప్పులతోనే వచ్చి ఉంటుందని డాక్టర్ అజీజ్ కోపగించుకుంటాడు. ఆమె అప్పటికే చెప్పులు విడిచి ఉంటుంది. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. ఆ సన్నివేశంలో పెగ్గీ గొంతు ఎక్కడా పెంచదు. మృదువైన నాలుగు మాటలతోనే ఆ వృద్ధురాలి స్వభావమంతా తెలిసిపోతుంది.

ఈ పాత్రకు 1985లో ఉత్తమ సహాయనటిగా ఆస్కార్ బహుమతి లభించింది. అప్పుడామె వయస్సు డెబ్బై ఏడు. ఆ సభకు ఆమె వెళ్ళలేదు. ఆమె తరఫున ఏంజెలా లాన్స్‌బరీ అనే నటి బహుమతిని అందుకుంది.

పెగ్గీ ఆష్‌క్రాఫ్ట్ 1991 జూన్ 14న లండనులో మరణించింది. ఆమె పుట్టిన క్రాయ్‌డన్‌లో 1962లో తెరిచిన నాటకశాలకు ఆమె జీవించి ఉండగానే ‘ఆష్‌క్రాఫ్ట్ థియేటర్’ అని పేరుపెట్టారు.