ఆడే పిల్లలున్నారు, చూసే కళ్లు కావాలి

అవనిగడ్డ నుంచి కైకలూరు దాకా ఏ ఊరి హైస్కూలు మైదానానికి సాయంత్రం పూట వెళ్లినా కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే పిల్లలు కనిపిస్తారు. సంక్రాంతి వచ్చిందంటే ఊరూరా పోటీలే. ఇంత ఆట ఉన్న కృష్ణా డెల్టాలో, ఆట వల్ల కాలేజీ సీటో, ఫీజు రాయితీయో, మంచి కోచ్‌నో సంపాదించుకున్న పిల్లలు మాత్రం చాలా తక్కువ. ప్రతిభ చాలక అని కొందరంటారు, డబ్బు లేక అని కొందరంటారు. అంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. పదో తరగతి, ఇంటర్ వయసులో ఆ పిల్లలు ఎలా ఆడుతున్నారో కొలిచి, రాసిపెట్టి, ఎంపిక చేసే కాలేజీల ముందు ఉంచే ఏర్పాటు మనకు లేదు. కంటికి ఆననివాళ్లను ఎవరూ ఎంచుకోలేరు. వాళ్లను కంటికి ఆనేలా చేసే పనిని తల్లిదండ్రుల స్తోమతకు వదిలేయకూడదు. బడి, విశ్వవిద్యాలయం, ప్రభుత్వం కలిసి దాన్ని తమ బాధ్యతగా తీసుకోవాలి.

మన ప్రాంతం నుంచి పైకొచ్చినవాళ్ల దారి గమనిస్తే ఈ సంగతి తేటపడుతుంది. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో పదిహేనేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయింది. ఆమెకు ఆట నేర్పడం కోసం తండ్రి అశోక్ ఉద్యోగమే మానుకున్నారు. పక్క డెల్టాలోని అమలాపురంలో పెరిగిన బ్యాడ్మింటన్ క్రీడాకారుడు సాత్విక్ సాయిరాజ్ తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడు. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల విలువిద్యలో మూడు స్వర్ణాలు గెలిచిన వెన్నం జ్యోతి సురేఖ, 2024 పారిస్ ఒలింపిక్స్ విలువిద్య మిక్స్‌డ్ టీమ్ విభాగంలో అంకితా భకత్‌తో కలిసి నాలుగో స్థానంలో నిలిచిన బొమ్మదేవర ధీరజ్ ఇద్దరూ విజయవాడ వాళ్లే. ధీరజ్ తొలి పాఠాలు ఆ ఊళ్లోని వోల్గా ఆర్చరీ అకాడమీలో మొదలయ్యాయి. అంటే ఇంట్లోనో ఊళ్లోనో ఆట తెలిసిన మనిషి ముందే ఉన్నారు. ఇంకో సంగతి కూడా ఉంది. చదరంగంలో రేటింగ్, విలువిద్యలో 720కి వచ్చిన స్కోరు ఎవరి సిఫారసూ లేకుండానే ఢిల్లీ దాకా వెళ్తాయి. కబడ్డీ జట్టు తొలి మ్యాచ్‌లోనే ఓడిపోతే, ఆ జట్టులో ఎంత గొప్ప రైడర్ ఉన్నా అతని పేరు మండలం దాటదు. ఈ విజేతల కష్టాన్ని తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఇంట్లో ఆట తెలిసిన మనిషి, ఊళ్లో అకాడమీ, ఆటలో అంకె, ఈ మూడూ లేని పిల్లల సంగతేమిటన్నదే ప్రశ్న.

వాళ్లకున్న నిచ్చెన స్కూల్ గేమ్స్. 1954లో ఏర్పడిన స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ కింద అండర్-14, 17, 19 విభాగాల్లో మండల స్థాయి నుంచి జిల్లా, రాష్ట్రం మీదుగా జాతీయ స్థాయి వరకు పోటీలు నడుస్తాయి. మనకు అంతగా పరిచయం లేని బేస్‌బాల్, సాఫ్ట్‌బాల్ కూడా వాటిలో ఉన్నాయి. నిచ్చెన మంచిదే. కానీ ప్రతి మెట్టు దగ్గరా సెలక్షన్స్ ఒకటి రెండు రోజుల్లో ముగుస్తాయి. ఆ రోజు జ్వరం వచ్చినా, బస్సు తప్పినా ఏడాది పోయినట్టే. గెలిచినవాళ్లకు మిగిలేది సర్టిఫికెట్. కేంద్ర ప్రభుత్వ క్రీడా కోటా ఉద్యోగాలకు అంతర్జాతీయ పోటీలైతే ఫారం-1, జాతీయమైతే 2, అంతర విశ్వవిద్యాలయ పోటీలైతే 3, జాతీయ స్కూల్ గేమ్స్ అయితే 4 అడుగుతారు. ఏ స్థాయిలో ఆడారో ఆ కాగితం చెబుతుంది, ఎలా ఆడారో చెప్పదు. పైగా ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీరు శివారు ఆయకట్టుకు చేరేసరికి సన్నబడినట్టు, ట్రయల్స్ కబురు కూడా విజయవాడ దాటి దివిసీమ బడికి చేరేసరికి తేదీ దగ్గరపడుతుంది, ఒక్కోసారి దాటిపోతుంది. ఆ పైన ఇంటర్ వస్తుంది. మైదానం లేని రెసిడెన్షియల్ కాలేజీలో రెండేళ్లు గడిపిన పిల్లవాడు, కాలేజీ కోచ్‌లు చూడాల్సిన వయసులోనే ఆటకు దూరమవుతాడు.

ప్రతిభ ఒక్కటే చాలదనీ, దాన్ని నమోదు చేసే ఏర్పాటు కూడా ఉండాలనీ చెప్పడానికి జ్యోతి యర్రాజి కంటే మంచి సాక్ష్యం దొరకదు. విశాఖపట్నం అమ్మాయి అయిన ఆమె 2020 జనవరిలో మూడబిద్రిలో జరిగిన అంతర విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్‌లో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున పరుగెత్తి, 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకన్లలో పూర్తి చేసింది. అప్పటి జాతీయ రికార్డు 2002లో అనురాధా బిస్వాల్ నెలకొల్పిన 13.38. అయినా జ్యోతి పరుగు రికార్డుల్లోకి ఎక్కలేదు. ఆ పోటీలో ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి అక్కడ లేరు. ఆ రికార్డు ఆమె పేరు మీదికి రావడానికి 2022 మేలో సైప్రస్‌లో 13.23 సెకన్లలో పరుగెత్తేదాకా ఆగాల్సి వచ్చింది. ఆమె వేగంలో లోపం లేదు, లోపం చుట్టూ ఉన్న ఏర్పాట్లలో ఉంది. విశ్వవిద్యాలయ స్థాయిలోనే ఇలా జరిగితే, మండల స్థాయిలో వాచీ పట్టుకునే మనిషి కూడా లేని పరుగుల మాట చెప్పనక్కర్లేదు.

ఈ సమస్యతో చాలాకాలంగా కుస్తీ పడుతున్న ఆట అమెరికా బేస్‌బాల్. అక్కడ హైస్కూళ్లలో ఆడే కుర్రాళ్లు సుమారు 4.8 లక్షల మంది. వారిలో నూటికి ఏడెనిమిది మందే అక్కడి కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ పరిధిలోని జట్లకు చేరతారు. 2025 దాకా మొదటి డివిజన్‌లో ఒక్కో జట్టుకు 11.7 స్కాలర్‌షిప్‌లే ఉండేవి, వాటినే 27 మంది వరకు పంచుకునేవారు. ఇంత ఇరుకు దారిలో కుర్రాడు తనను తాను చూపించుకోవాలి కనుక, బంతి వేగాన్ని రాడార్ గన్‌తో, 60 గజాల పరుగును వాచీతో కొలుస్తారు, ఆట వీడియోలు కోచ్‌లకు పంపుతారు. ఆ కొలత బలం మన దేశంలోనూ ఒకసారి కనబడింది. 2008లో ఇక్కడ నిర్వహించిన మిలియన్ డాలర్ ఆర్మ్ పోటీలో, అంతకుముందు బేస్‌బాల్ ఆడని ఇద్దరు ఉత్తరప్రదేశ్ జావెలిన్ క్రీడాకారులు రింకూ సింగ్, దినేశ్ పటేల్ బంతి విసిరిన వేగం చూపించి పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. అయితే అమెరికా పద్ధతిలో పెద్ద లోపం ఉంది. కోచ్‌ల కంట్లో పడే షోకేస్ పోటీలకు ఫీజులు, ప్రయాణాలు, వసతి అన్నీ ఎక్కువగా కుటుంబమే భరించాలి. దాంతో డబ్బున్న ఇంటి కుర్రాడే ఎక్కువసార్లు కనబడతాడు. మనం తెచ్చుకోవాల్సింది ఆ కొలతను, వదిలేయాల్సింది ఆ ఖర్చును.

నిజమైన ప్రతిభ ఎక్కడున్నా తనంతట తానే బయటపడుతుందని వాదించేవాళ్లున్నారు. శ్రీకాకుళం జిల్లా వూసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 1990లో, అక్క పాల్గొంటున్న జాతీయ వెయిట్‌లిఫ్టింగ్ శిబిరానికి తోడుగా వెళ్లినప్పుడు విదేశీ వెయిట్‌లిఫ్టర్ లియోనిద్ తరనెంకో కంట్లో పడింది. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో దేశానికి కాంస్యం తెచ్చింది. ఆ రోజు అక్కతో వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. బయటపడినవాళ్లే మన కంటికి కనబడతారు, బయటపడనివాళ్లు లెక్కలోకే రారు. కాబట్టి ఈ వాదన దేన్నీ రుజువు చేయదు. క్రీడా కోటా ఉంది కదా అన్నది రెండో మాట. 2024లో వచ్చిన రాష్ట్ర క్రీడా విధానం ప్రభుత్వోద్యోగాల్లో ఆ కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. సంతోషించాల్సిన విషయమే. కానీ కోటా పనిచేసేది నిచ్చెన ఎక్కేశాక. కింది మెట్టు దగ్గర జారిపోయిన పిల్లకు దానివల్ల ఒరిగేది లేదు.

చదువు పాడవుతుందన్న తల్లిదండ్రుల భయం మరింత బరువైనది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఆటలో దెబ్బ తగిలితే చేతిలో ఏముంటుందని వాళ్లడగడం న్యాయం. అందుకే ఎంపికను అకాడమీ వైపు కాక కాలేజీ సీటు వైపు నడిపించాలి. అప్పుడు ఆట ఆగినా డిగ్రీ మిగులుతుంది. జ్యోతి సురేఖ కె.ఎల్. విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదువుతూనే అంతర్జాతీయ పోటీల్లో విల్లు పట్టింది. ఇక, పిల్లల్ని నలుగురి ముందు నిలబెడితే దళారులు, దొంగ సర్టిఫికెట్లు పెరుగుతాయని కొందరి అనుమానం. దళారికి బలం సమాచారం గుట్టుగా ఉండటంలోనే ఉంది. ఎవరు ఎంత దూకారో, ఎవరిని ఎందుకు తీసుకున్నారో అందరికీ తెలిసేలా ప్రకటిస్తే సిఫారసుకు చోటు తగ్గుతుంది.

చేయాల్సిన పని మరీ ఖరీదైనదేమీ కాదు. ఏడాదికి రెండుసార్లు ప్రతి హైస్కూలు, జూనియర్ కాలేజీలో పిల్లల ఎత్తు, పరుగు, గెంతు కొలిచి వ్యాయామ ఉపాధ్యాయులు నమోదు చేయాలి. తొమ్మిది నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లల కోసం 2024 మార్చిలో కేంద్రం మొదలుపెట్టిన కీర్తి కార్యక్రమం ఉద్దేశం కూడా ఇలాంటి గుర్తింపే. దానికి మన బడి లెక్క తోడైతే బలం వస్తుంది. జిల్లా పోటీలను, ఓడిన జట్ల ఆటతో సహా, ఫోనుతోనైనా వీడియో తీయాలి. తల్లిదండ్రుల అనుమతితోనే వాటిని కాలేజీ ఫిజికల్ డైరెక్టర్లకు అందించాలి. మార్చిలో ఇంటర్ పరీక్షలయ్యాక, ప్రవేశాలకు ముందు, విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో ఉదయం పూట బహిరంగ ట్రయల్స్ పెట్టాలి. నాగార్జున, మచిలీపట్నంలోని కృష్ణా విశ్వవిద్యాలయం, ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అన్నీ ఒకే రోజు అక్కడికి రావాలి. పల్లె పిల్లలకు బస్సు చార్జీ, భోజనం ఇవ్వాలి.

ఊరూరికీ చేరడం అసాధ్యమని అనలేం. 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా జరిగిన ఆడుదాం ఆంధ్రా పోటీలు గ్రామ, వార్డు సచివాలయ స్థాయి నుంచే మొదలయ్యాయి. దాని బాగోగుల మీద ఎవరి అభిప్రాయం వారిదే. ప్రభుత్వం మారాక అది కొనసాగలేదు. ఒక ప్రభుత్వం పేరుతో వచ్చింది ఆ ప్రభుత్వంతోనే పోతుంది కనుక, ఈ ట్రయల్స్ విశ్వవిద్యాలయాల చేతిలో ఉండటం మేలు. కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల్లో మూడే ఆటలతో, కబడ్డీ, వాలీబాల్, అథ్లెటిక్స్‌తో, వచ్చే విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టవచ్చు. ఎంతమంది వచ్చారు, ఏ మండలాల నుంచి వచ్చారు, ఎంతమందికి సీటు దొరికింది అన్న లెక్కను ఏటా ప్రకటించాలి. ఆ లెక్కలో పేరు లేని మండలం ఏదైనా ఉంటే, మరుసటి ఏడాది మొదటి కొలత అక్కడి బళ్లలోనే జరగాలి.