ఒక్క మాట మరచినచో

బ్రెండన్ ఐక్ 1995లో నెట్‌స్కేప్ సంస్థయందు పది దినములలో జావాస్క్రిప్ట్ భాషకు తొలిరూపము కల్పించెను. నేటి ప్రముఖ బ్రౌజర్లన్నియు ఆ భాష నెరుగును. అందు ఒక చిన్నమాట మరచుటవలన కలుగు చిక్కును గూర్చి ముచ్చటింతుము.

ఆబ్జెక్టులను తయారుచేయు ఫంక్షనును కన్‌స్ట్రక్టరు అందురు. రైలుటిక్కెట్ల ప్రోగ్రాములో ‘ప్రయాణికుడు’ అను కన్‌స్ట్రక్టరు కలదనుకొందము. ముందు ‘న్యూ’ అను మాట చేర్చి దానిని పిలిచినచో భాష ఒక క్రొత్త ఆబ్జెక్టును సృష్టించి, ‘దిస్’ అను పేరుతో ఫంక్షనునకు అప్పగించును. ఫంక్షను అందులో ప్రయాణికుని పేరు వ్రాయును. ఆ ఆబ్జెక్టే మన చేతికి వచ్చును.

‘న్యూ’ మరచితిమా, అది సామాన్యమైన ఫంక్షనువలె నడచును. క్రొత్త ఆబ్జెక్టు పుట్టదు. పాతపద్ధతి ప్రోగ్రాములలో అప్పుడు ‘దిస్’ అనగా అందరికిని ఉమ్మడియైన గ్లోబల్ ఆబ్జెక్టు. బ్రౌజరులో దాని పేరు ‘విండో’. ప్రయాణికుని పేరు అందులో చేరును. రెండవవాని పేరు వ్రాయగనే మొదటివాని పేరు చెరగిపోవును. మన చేతికి వచ్చునది ‘అన్‌డిఫైన్డ్’, అనగా శూన్యము. ఇంటిపద్దు ఊరుమ్మడి ఖాతాలో వ్రాసినట్లు! తప్పు జరిగినచోట యంత్రము నోరు మెదపదు. మరెక్కడనో లెక్క తప్పును.

అట్లని ‘న్యూ’ లేని పిలుపెల్ల దోషము కాదు. ‘డేట్’ను న్యూతో పిలిచిన తేదీ ఆబ్జెక్టు లభించును, లేకున్న ఆ క్షణపు తేదీ, సమయము అక్షరరూపమున లభించును. అక్షరరూపమున నున్న సంఖ్యను నిజమైన సంఖ్యగా మార్చుటకు ‘నంబర్’ను న్యూ లేకుండ పిలుచుటయే మేలు. ‘అర్రే’ను ఎట్లు పిలిచినను ఫలమొక్కటే. కావున ఏ కన్‌స్ట్రక్టరు స్వభావ మెట్టిదో ముందెరుగవలెను.

కన్‌స్ట్రక్టరు పేరు పెద్దయక్షరముతో మొదలిడు ఆచారము ఒక హెచ్చరిక మాత్రమే. 2009లో వచ్చిన ‘స్ట్రిక్ట్ మోడ్’ కట్టుదిట్టము చేసెను: అందు న్యూ లేని పిలుపులో ‘దిస్’ శూన్యమగుటచే, దానిపై వ్రాయబోవగనే ప్రోగ్రాము ఆగును. 2015లో వచ్చిన ‘క్లాస్’ను న్యూ లేక పిలిచినచో లోనికి పోనీయక ‘టైప్ ఎర్రర్’ అని తిప్పిపంపును.

పని ఆగినచో చికాకు కలుగుట నిజమే. కాని పని సాగనిచ్చి పద్దు చెరుపు తప్పుకంటె, ఎదుట నిలిచి ఆపు తప్పే మనకు హితము. క్రొత్తగా నేర్చుకొనువారికి మేము చెప్పునది ఇదియే.