చట్టం చెప్పని ఐదో అవసరం

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టాన్ని పార్లమెంటు 2007లో ఆమోదించింది. అందులో ‘పోషణ’ అన్న మాటకిచ్చిన నిర్వచనం నాలుగు అవసరాలను పేర్కొన్నది: తిండి, బట్ట, నివాసం, వైద్యం. మాట్లాడే మనిషి కావాలన్న ఐదో అవసరం ఏ సెక్షనులోనూ లేదు. ఉండాలని నేననను, స్నేహం శాసనంతో పుట్టేది కాదు. కాని అది పుట్టే చోటును ప్రభుత్వాలు కల్పించగలవు, చెరిపివేయనూగలవు.

ఢిల్లీలోని ప్రభుత్వ క్వార్టర్లే ఇందుకు తార్కాణం. సరోజినీనగర్, నేతాజీనగర్ వంటి కాలనీలలో చలికాలం మధ్యాహ్నాలు గృహిణులు ఎండలో చేరి, స్వెట్టర్లు అల్లుకుంటూ, వచ్చీరాని హిందీలో కష్టసుఖాలు చెప్పుకొనేవారు. భర్త రిటైరైతే క్వార్టరుతోపాటు ఆ ఇరుగుపొరుగూ పోయేది. ఈ రెండింటితో కలిపి ఏడు కాలనీల పునర్నిర్మాణానికి 2016లో కేంద్ర మంత్రివర్గం అనుమతించింది. పాత క్వార్టర్ల స్థానంలో బహుళ అంతస్తుల భవనాలు వచ్చాయి. సౌకర్యాలు పెరిగాయి, నిజమే. కాని గుమ్మంలో కూర్చొని పొరుగామెను పలకరించే వీలు ఎనిమిదో అంతస్తులో ఎక్కడిది?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో అరవై ఏళ్లు నిండినవారు 10.38 కోట్లు, వారిలో సగానికి పైగా స్త్రీలు. ఆ స్త్రీలలో సుమారు సగం మంది వితంతువులు. పురుషుడికి రిటైరయ్యాక పార్కు బెంచీ, పత్రిక, పేకాట ఉన్నాయి. నేను చూసిన వృద్ధుల వినోద కేంద్రాలలో క్యారం బోర్డు చుట్టూ ఉన్నదీ పురుషులే. ఇంటిపని ముగించుకొని స్త్రీకి తీరిక చిక్కే వేళకు ఆ కేంద్రాల తలుపులు మూసి ఉంటాయి.

గోల్ మార్కెట్ సమీపాన తిరుమల తిరుపతి దేవస్థానం వారి బాలాజీ మందిరం వద్ద, కొడుకు వెంట రాజధానికి వచ్చిన ఒక వృద్ధురాలిని పలకరించాను. “మందులు వేళకు ఇస్తారు బాబూ, మాటకే కరువు” అన్నారామె. మొదటి మూడు శనివారాలు పొరుగింటి ఆవిడ తోడు వచ్చారట. నాలుగో వారం నుంచి తామే వస్తున్నారు. ఇప్పుడు ఒక వారం రాకపోతే ఫోను చేసి అడిగే స్నేహితురాళ్లు నలుగురున్నారు.

ఇందులో మర్మమేమీ లేదు. నిర్ణీతమైన చోటు, నిర్ణీతమైన వేళ, తొలినాళ్లలో ఒకరి తోడు, రానివారిని ఆరా తీసే అలవాటు — ఇంతే. ఢిల్లీ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణం 2019 అక్టోబరులో మొదలైంది. ఎక్కి వెళ్లడానికొక గమ్యమూ ఉండాలి కదా! ప్రతి కాలనీలో ఒక గదిని మధ్యాహ్నం రెండు గంటలపాటు వీరికై తెరచి ఉంచడానికి కొత్త చట్టం అక్కరలేదు. తాళం చెవి ఉన్నవారికి మనసుంటే చాలు.