ప్రసిద్ధులు - ఛాయాచిత్రములు

2021 మార్చిలో హిందూపురమున పురపాలక ఎన్నికల ప్రచారము జరుగుచుండగా, స్థానిక శాసనసభ్యుడును నటుడును అయిన నందమూరి బాలకృష్ణ, తన్ను వీడియో తీయుచున్న యొక యువకునిపై చేయిచేసికొన్నట్లు పత్రికలు వ్రాసినవి. ఆ దృశ్యమును మరియొకరు చిత్రించిరి. అది ఫోనుల ద్వారా ఊరూర ప్రాకినది.

కొట్టుట తప్పు, అందు సందేహము లేదు. ఓట్లడుగ వచ్చిన నాయకుని ప్రజలు చిత్రించుటయు సహజమే. అయినను నా మనస్సున నిలిచినది వేరొకటి. నటుని ముఖము జగమెరిగినదే. ప్రసిద్ధి లేని ఆ యువకుని ముఖము గూడ దెబ్బతిన్న క్షణముతో ముడివడి లోకమున పడినది. ఆనాడు కెమెరా ఎవరి గోప్యతను ఎక్కువగా హరించినది?

ప్రసిద్ధునకు ఏకాంతము లేదనుట పొరపాటు. 1994లో రాజగోపాల్ కేసునందు సుప్రీంకోర్టు ఒక మేర గీచినది. ప్రజాపదవిలో నున్నవారి అధికారకృత్యములను గూర్చి ప్రచురించుటకు స్వేచ్ఛ గలదు. ఇల్లు, వివాహము, సంతానము వంటి సొంత సంగతులను, బహిరంగ రికార్డులకు ఎక్కినవి తప్ప, అనుమతి లేక ప్రచురింపరాదు. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమికహక్కుగా ఏకగ్రీవముగా అంగీకరించినది.

కాని రైలుపెట్టెలో తీర్పులు తిరుగవేయు తీరిక యెవరికి? బెంగుళూరు వైపునుండి వచ్చు బండి హిందూపురము దాటి పెనుకొండ చేరుచున్నది. ఎదుటి బెర్తుపై ఒక నటి బిడ్డను ప్రక్కన వేసికొని నిద్రించుచున్నదనుకొందము. వేదికపై నిలిచి చేయి ఊపునప్పుడు ఆమె చిత్రమునకు సమ్మతించినట్లే. నిద్రలో సమ్మతి యెక్కడిది? మేల్కొన్న తరువాత అడుగవచ్చును. "నన్ను తీయుడు, బిడ్డను వద్దు" అన్నచో అంతటితో సరి. బిడ్డ ఏ సినిమాలోను నటింపలేదు గదా!

ఆమెయే ధర్మవరములో దిగి, పట్టుచీరలు నేయు ఇంటికి వెళ్ళినదనుకొందము. యజమాని ఆమెతో ఫోటో దిగి గోడకు వ్రేలాడదీసికొన్న అది మురిపెము. అడుగకయే ప్రకటనగా అచ్చువేసిన అది వ్యాపారము. అమితాబ్, జయా బచ్చన్‌ల చిత్రమును అనుమతి లేక వాడుకొన్న యొక నగల వర్తకునికి ప్రతికూలముగా 2012లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పినది. యజమాని యింత తెలిసినవాడై నటిని అడిగియే తీసెననుకొందము. ఆ చిత్రములో ఆమె వెనుక, చొక్కా లేక, మగ్గమున కూర్చున్న నేతగాడు గూడ పడెను. అతని నెవ్వరును అడుగలేదు.